ఒడిలోని రసాయనశాల

రెండేళ్ళ క్రితం మే నెలలో ఒక రాత్రి, అలవాటు ప్రకారం తెనాలిలో ఉన్న మా నాన్నగారితో వీడియోలో మాట్లాడుతున్నాను. మాకు ఎడ్మంటన్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. వారికి ఆదివారం ఉదయం తొమ్మిది. కుశల ప్రశ్నలయిన తరువాత ఆయన యథాలాపంగా ఒక మాటన్నారు.

“ఏమ్మా, ఈ ల్యాప్‌టాప్ బల్లమీద సరిగ్గా కూర్చోవడం లేదు. ఒక మూల కింద అట్టముక్క పెట్టాను. టచ్‌ప్యాడ్ కూడా కాస్త పైకి లేచింది, నొక్కితే దిగడం లేదు. ఎదురింటి కుర్రవాడు చూసి, లోపల బ్యాటరీలో గాలి చేరిందన్నాడు. సూదితో చిన్న బెజ్జం పెట్టి ఆ గాలి తీసేస్తే సర్దుకుంటుందట. మధ్యాహ్నం వస్తానన్నాడు.”

ఇరవై ఏళ్ళుగా రసాయనశాలలో పనిచేస్తున్న నాకు ఆ క్షణంలో శాస్త్రం ఏదీ గుర్తుకు రాలేదు. “నాన్నగారూ, దానిని ముట్టుకోవద్దు, ఎవరినీ ముట్టుకోనివ్వవద్దు” అని అరిచాను. తరువాత ఏమి జరిగినదీ చివరలో చెబుతాను. ఆ ల్యాప్‌టాప్‌ను ఆయనకు ఇచ్చినది నేనే. నాలుగేళ్ళు నేను వాడి, దాని వేగం పెంచి, ఇండియా ప్రయాణంలో సంచిలో పెట్టుకుని వెళ్ళి, గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. మనలో చాలామంది చేసే పనే ఇది. మనం కొత్తది కొనుక్కుంటాం. పాతది ఊరికి వెళ్తుంది. కాబట్టి ఈ పలుచని యంత్రాల బాగోగుల గురించి, వాటి కడుపులో ఉన్న రసాయన శాస్త్రం గురించి నాలుగు మాటలు ముచ్చటించుకోవడం మన కుటుంబాలకు ఉపయోగకరమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పలుచదనానికి చెల్లించే వెల

2008 జనవరిలో ఆపిల్ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ వేదికమీద ఒక కాగితపు కవరులో నుండి మ్యాక్‌బుక్ ఎయిర్ అనే కంప్యూటరును బయటకు తీసి చూపించారు. దాని బరువు 1.36 కిలోలు. మందం ఎక్కువగా ఉన్నచోట కూడా రెండు సెంటీమీటర్లకు లోపే. 2011లో ఇంటెల్ సంస్థ “అల్ట్రాబుక్” అన్న పేరుతో ఇతర తయారీదారులను కూడా అదే దారిలోకి ప్రోత్సహించింది. అప్పటినుండి పలుచదనమే అందమైనది.

అంతకు ముందటి ల్యాప్‌టాపులలో ఉక్కు డబ్బీల వంటి గుండ్రని బ్యాటరీ ఘటాలు ఉండేవి. ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. యంత్రం మొత్తం మందమే 15 మిల్లీమీటర్లయినప్పుడు 18 మిల్లీమీటర్ల డబ్బీ అందులో ఎలా పడుతుంది? అందువలన తయారీదారులు ఉక్కు డబ్బీని విడిచి, ప్లాస్టిక్ పూసిన అల్యూమినియం రేకు సంచులలో బ్యాటరీని పొదగసాగారు. చూడటానికి అవి కాఫీపొడి పొట్లాలవలె ఉంటాయి. ఉక్కు డబ్బీ లోపలి ఒత్తిడిని కొంతవరకు భరిస్తుంది. మితిమీరితే ఆవిరి పోవడానికి దానికి ఒక కవాటం ఉంటుంది. రేకు సంచికి ఆ బలం లేదు. లోపల వాయువు పుడితే అది బూరెలా పొంగుతుంది.

పలుచదనం మరికొన్ని స్వేచ్ఛలను కూడా హరించింది. చేతితో ఊడదీసే బ్యాటరీ పోయింది. మరలు విప్పి, కొన్నింటిలో జిగురు వదిలించి తీయవలసిన బ్యాటరీ వచ్చింది. జ్ఞాపకశక్తి పలకలను, అనగా ర్యామ్‌ను, చాలా యంత్రాలలో మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించారు. కొన్నింటిలో సమాచారం దాచే భాగం కూడా అంతే. కొన్న రోజున ఎంత ఉన్నదో చివరి రోజున కూడా అంతే.

ఉయ్యాల ఊగే అయాన్లు

లిథియం అయాన్ బ్యాటరీ పనిచేసే విధానం తెలుసుకోవడానికి మన ఆత్రేయపురం పూతరేకును తలచుకుంటే చాలు. ఋణధ్రువంలో ఉండే గ్రాఫైట్ సరిగ్గా అటువంటిదే; కర్బన పరమాణువుల పలుచని పొరలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. ఛార్జ్ చేసినప్పుడు లిథియం అయాన్లు ఆ పొరల మధ్య, పూతరేకు మడతలలో పంచదార వలె, చేరి కూర్చుంటాయి. ధనధ్రువంలో సాధారణంగా కోబాల్ట్ ఆక్సైడ్ వంటి పదార్థం ఉంటుంది. అదికూడా పొరలు పొరలుగానే ఉంటుంది. మనం యంత్రాన్ని వాడుతున్నప్పుడు అయాన్లు గ్రాఫైట్‌ను విడిచి ధనధ్రువంలోని పొరలలోకి ప్రయాణిస్తాయి. ఎలక్ట్రాన్లు బయటి తీగగుండా వెళ్ళి మన పని చేసిపెడతాయి. ఛార్జ్ చేస్తే అంతా తిరుగు ప్రయాణం. ఇలా ఊగుతూ ఉంటుంది కనుకనే తొలి రోజులలో శాస్త్రజ్ఞులు దీనిని ముద్దుగా “ఊగుడు కుర్చీ బ్యాటరీ” అని పిలిచేవారు.

ఈ రెండు ధ్రువాల మధ్య ఉండే ద్రవం నీరు కాదు. ఇథిలీన్ కార్బొనేట్ వంటి కర్బన ద్రావణులలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కరిగించి తయారుచేసిన విద్యుద్విశ్లేష్యం అది. ఆ ద్రావణులు మండే స్వభావం కలవి. ఆ లవణానికి తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే, గాజును సైతం తినివేయగల విషపదార్థం పుడుతుంది. ఎదురింటి కుర్రవాడి సూది సంగతి వినగానే నా గుండె ఎందుకు ఆగినంత పనయిందో పాఠకులకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. సంచిని గుచ్చితే ఆ వాయువు పోవడంతో కథ ముగియదు. తేమగల గాలి లోపలికి వెళుతుంది; సూది రెండు ధ్రువాలను కలిపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

ఆ శక్తి ఎంత? పలుచని ల్యాప్‌టాపులో సుమారు 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్నదనుకుందాం. అంటే 1,80,000 జౌళ్ళు. లీటరు నీటిని 30 డిగ్రీల నుండి 73 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయడానికి అది చాలు. పావు కిలో బరువున్న పొట్లం నుండి అంత శక్తి కొద్ది సెకన్లలో వెలువడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందులోని ద్రావణులు మండితే వచ్చే వేడి దీనికి అదనం.

ఈ కథలో కెనడా పాత్ర

2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యొషినో అనే ముగ్గురు ఈ బ్యాటరీ సృష్టికిగాను పంచుకున్నారు. 1991లో సోనీ సంస్థ దీనిని మొదటిసారిగా విపణిలోకి తెచ్చింది. ఈ సంగతులు చాలామంది ఎరిగినవే. అయితే మనం నివసిస్తున్న ఈ దేశానికి ఈ చరిత్రలో ఉన్న చోటు అంతగా ప్రచారం పొందలేదు.

1977లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యులు రూడీ హేరింగ్ పరిశోధనల ఆధారంగా అదే రాష్ట్రంలో “మోలీ ఎనర్జీ” అనే సంస్థ వెలసింది. మాలిబ్డినం సల్ఫైడ్‌ను ఒక ధ్రువంగాను, లోహరూపంలో ఉన్న లిథియంను మరొక ధ్రువంగాను వాడి, తిరిగి ఛార్జ్ చేయగల లిథియం బ్యాటరీలను తయారుచేసి అమ్మిన తొలి సంస్థలలో అది ఒకటి. లోహరూపంలో ఉన్న లిథియంకు ఒక దుర్గుణం ఉంది. ఛార్జ్ చేసిన ప్రతిసారీ అది నున్నగా పేరుకోక, నాచుమొక్కవలె సన్నని పోగులుగా పెరుగుతుంది. ఆ పోగు అవతలి ధ్రువాన్ని తాకితే అగ్ని. 1989లో జపానులో ఆ బ్యాటరీలున్న చేతి ఫోన్లలో అటువంటి ప్రమాదమే జరిగింది. సంస్థ తన బ్యాటరీలను వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది. ఆర్థికంగా కుప్పకూలి జపాను సంస్థల చేతులలోకి వెళ్ళింది. లోహాన్ని విడిచి, గ్రాఫైట్ వంటి కర్బనం పొరలలో అయాన్లను దాచే పద్ధతివైపు ప్రపంచం మళ్ళడానికి ఇటువంటి గుణపాఠాలే కారణం.

ఆ సంస్థలో పనిచేసిన యువ శాస్త్రజ్ఞులలో జెఫ్ డాన్ ఒకరు. మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడు కర్బనం మీద విద్యుద్విశ్లేష్యం కొద్దిగా విచ్ఛిన్నమై, కాచిన పాలమీద మీగడ కట్టినట్లు, ఒక పలుచని పొర ఏర్పడుతుందనీ, ఆ పొరయే తరువాతి విచ్ఛిత్తిని అడ్డుకుంటుందనీ 1990లో ఆయన, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన ఈ రంగానికి మూలస్తంభాలలో ఒకటి. 1996 నుండి హాలిఫాక్స్‌లోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం బ్యాటరీలు ఎందుకు ముసలివవుతాయో శోధిస్తూ వచ్చింది. అక్కడివారు 2023లో ప్రకటించిన ఒక ఫలితం డిటెక్టివ్ కథవలె ఉంటుంది. వాడకుండా పక్కన పెట్టిన ఘటాలు తమంతట తాము ఛార్జ్ కోల్పోతున్నాయి. వేడిలో ఉంచిన ఘటాలను విప్పి చూస్తే లోపలి ద్రవం ఎర్రబడి ఉంది. విశ్లేషిస్తే, లోపలి భాగాలను అంటించడానికి వాడిన మామూలు పాలియెస్టర్ టేపు కరిగి ఆ అపకారం చేస్తున్నదని తేలింది. శీతల పానీయాల సీసాలను తయారుచేసే ప్లాస్టిక్ ఏదో ఆ టేపు కూడా అదే! చిన్న టేపు ముక్క బ్యాటరీ ఆయుష్షును నిర్ణయించగలదంటే, ఈ పొట్లంలో ఎంత సున్నితమైన రసాయన శాస్త్రం ఇమిడి ఉన్నదో గ్రహించవచ్చు.

పొట్ట ఎందుకు ఉబ్బుతుంది?

పైన చెప్పిన మీగడ పొర ఏనాడూ పరిపూర్ణం కాదు. అది కొద్దికొద్దిగా పగులుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. కట్టుకున్న ప్రతిసారీ కొంత లిథియం, కొంత ద్రావణి ఖర్చవుతాయి. ఇథిలీన్ వంటి వాయువులు కొద్దిగా పుడతాయి. ఇది ఋణధ్రువం సంగతి. ధనధ్రువం వైపు ఇంకొక తంతు నడుస్తుంది. బ్యాటరీ నూటికి నూరు శాతం నిండినప్పుడు ఒక్కొక్క ఘటం 4.2 నుండి 4.4 వోల్టుల వద్ద ఉంటుంది. ఆ స్థితిలో ధనధ్రువం బలమైన ఆక్సీకరణి. తనను తాకిన ద్రావణిని నెమ్మదిగా ఆక్సీకరణం చేసి కార్బన్ డయాక్సైడు, కార్బన్ మోనాక్సైడు వంటి వాయువులను పుట్టిస్తుంది. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఈ చర్యల వేగం పెరుగుతుందని వేరే చెప్పనక్కరలేదు.

కనుక బ్యాటరీకి ఇద్దరు శత్రువులు: నిండుదనం, వేడి. ఇద్దరూ కలిస్తే మరీ ప్రమాదం. మా నాన్నగారి యంత్రం రెండేళ్ళపాటు రాత్రింబవళ్ళు ఛార్జరుకు తగిలించే ఉన్నది. “నీ ఫోను వచ్చేసరికి ఛార్జ్ లేకపోతే ఎలా?” అన్నది ఆయన భయం. పెట్టినది పడమటి కిటికీ పక్కన; తెనాలి వేసవి సంగతి మనకు తెలియనిది కాదు. ప్రేమతో చేసిన ఏర్పాటే బ్యాటరీకి హింస అయింది. ఛార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపివేసే సదుపాయం ఆ యంత్రంలో ఉన్నది. ఇచ్చే ముందు నేను ఒక్క నిమిషం వెచ్చించి దానిని అమర్చి ఉంటే సరిపోయేది. ఇతరులకు చెప్పే పాఠాన్ని నా ఇంట్లో అమలు చేయలేదు.

రోగ నిర్ధారణ

ఇప్పుడు ఆచరణకు వద్దాం. ల్యాప్‌టాప్‌ను మూసి, చదునైన బల్లమీద ఉంచి, నాలుగు మూలలను ఒకదాని తరువాత ఒకటి మెల్లగా తాకి చూడండి. మునుపు లేని ఊగిసలాట ఉన్నదా? అడుగు పలకకు ఒక స్కేలు ఆనించి చూస్తే మధ్యలో ఉబ్బు కనిపిస్తున్నదా? మూత పూర్తిగా పడటం లేదా? టచ్‌ప్యాడ్ నొక్కుడు గట్టిపడిందా? కీబోర్డు మధ్యలో గూనివలె లేచిందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా అనుమానం మొదట బ్యాటరీ మీదకే పోవాలి. తీయని, నెయిల్ పాలిష్ వంటి వాసన వస్తే పరీక్షలు కట్టిపెట్టి అక్కడినుండి దూరంగా వెళ్ళాలి.

ఉబ్బు కనబడితే చేయవలసినవి కొద్దే. ఛార్జరు తీసివేయాలి, యంత్రాన్ని ఆపివేయాలి. నొక్కరాదు, వంచరాదు, గుచ్చరాదు. పరుపు, తెర, కాగితాలు లేనిచోట, రాతి గచ్చు మీదనో సిమెంటు నేల మీదనో ఉంచి, అర్హతగల మరమ్మతుదారునికి అప్పగించాలి. ఊడదీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయడం చెత్త బండికి నిప్పు పెట్టడమే. కెనడాలో పురపాలక సంఘాల ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలలో తీసుకుంటారు. ఉబ్బినదని ముందే చెప్పండి. పొగ గాని మంట గాని వస్తే వీరత్వం వద్దు. అందరూ బయటకు వచ్చి 911కు ఫోను చేయాలి.

బ్యాటరీ ఉబ్బకపోయినా బలహీనపడి ఉండవచ్చు. విండోస్ యంత్రాలలో “బ్యాటరీ రిపోర్ట్” అనే నివేదికను తెప్పించుకోవచ్చు. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా నింపితే పట్టే సామర్థ్యం రెండూ ఉంటాయి. రెండవది మొదటిదానిలో సగానికి దిగితే కొత్త బ్యాటరీకి వేళయిందన్నమాట. ఆపిల్ యంత్రాలలో “బ్యాటరీ హెల్త్” అన్నచోట ఇదే సంగతి తెలుస్తుంది.

ఇక నెమ్మదితనం. పాత యంత్రం మందగించగానే కొత్తది కొనడం మన అలవాటు. చాలాసార్లు దోషం బుద్ధిలో కాదు, ఊపిరిలో ఉంటుంది. ఫ్యాను రెక్కల వెనుక దుమ్ము దూదివలె పేరుకుని గాలి ఆడదు. ప్రాసెసరుకు, రాగి వేడిగొట్టానికి మధ్య పూసిన లేపనం ఏళ్ళు గడిచేకొద్దీ పక్కలకు జారిపోతుంది, ఎండిపోతుంది. ఆ లేపనం మరేమీ కాదు. సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడు వంటి చూర్ణాన్ని కలిపిన ముద్ద. వేడి పోయే దారి లేనప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము ఊది, పాత లేపనాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బఠాణీ గింజంత కొత్త లేపనం వేస్తే పోయిన ప్రాణం లేచి వచ్చిన సందర్భాలు నేను స్వయంగా చూశాను.

మూత తెరిచే ముందు

వేగం పెంచదలచినవారు ముందుగా తమ యంత్రంలో మార్చగలిగినది ఏదో తయారీదారుల సర్వీసు పుస్తకంలో చూసుకోవాలి. పలుచని యంత్రాలలో సాధారణంగా బ్యాటరీని, చాలావాటిలో ఎస్.ఎస్.డి.ని, కొన్నింటిలో మాత్రమే ర్యామ్‌ను మార్చవచ్చు. ఎస్.ఎస్.డి. అంటే తిరిగే భాగాలు లేని సమాచార నిధి. దాని కొలతలు సంఖ్యలోనే ఉంటాయి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, 2242, 2230 అంటే పొట్టివి. ఒకే ఆకారంలో కనబడినా సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు జాతులు ఉన్నాయి. ఒకదాని చోట మరొకటి పనిచేయకపోవచ్చు.

మర తిప్పేముందు మూడు పనులు. మొదటిది, సమాచారానికి మరొక ప్రతి తీసుకోవడం. రెండవది, విండోస్ యంత్రమైతే బిట్‌లాకర్ తాళపు 48 అంకెల సంఖ్యను వేరేచోట వ్రాసి ఉంచుకోవడం. మరమ్మతు తరువాత యంత్రం దానిని అడిగితే, లేదన్నవారికి తమ ఇంటి తలుపే తెరుచుకోదు. మూడవది, బ్యాటరీని పాతిక శాతానికి తగ్గేవరకు వాడి యంత్రాన్ని ఆపివేయడం. మూత తెరిచిన తరువాత మొట్టమొదట ఊడదీయవలసినది బ్యాటరీ తీగ. విప్పిన మరలను, ఏది ఏ బెజ్జంలోనిదో తెలిసేటట్లు, కాగితంమీద బొమ్మ గీసి దానిపైనే ఉంచండి. పొట్టి మర ఉండవలసినచోట పొడుగు మర బిగిస్తే అది మదర్‌బోర్డును తొలిచివేస్తుంది. జిగురుతో అంటించిన బ్యాటరీని ఇనుప పనిముట్టుతో ఎప్పుడూ పెకలించరాదు. ఉబ్బిన బ్యాటరీని ఇంటిలో తీయనే వద్దు.

చలికాలంలో మన ఇళ్ళలోని గాలి పొడిగా ఉంటుంది. ఉన్ని స్వెట్టరు వేసుకుని తివాచీ మీద నడిచి తలుపు పిడిని ముట్టుకుంటే చురుక్కుమనడం మనకు అనుభవమే. మనకు ఒక చురుకు. చిప్‌కు అది పిడుగు. కనుక స్వెట్టరు విడిచి, తివాచీ లేనిచోట కూర్చుని, నేలకు కలిపిన లోహాన్ని తాకి, అప్పుడు పని ప్రారంభించాలి.

మరొక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. నిక్షేపంలాంటి పలుచని యంత్రాలు ఎన్నో, ప్రాసెసరు పాతదన్న కారణంతో విండోస్ 11కు అనర్హమయ్యాయి. అటువంటివాటిని పారవేయనక్కరలేదు. ఉచితంగా లభించే లినక్స్ వేసుకుంటే ఉత్తరాలు, వీడియోలు, పిల్లల చదువు వంటి పనులన్నీ మరికొన్నేళ్ళు సాగుతాయి.

చలి, విమానం, చట్టం

మన చలికి కూడా ఈ బ్యాటరీల మీద పట్టు ఉంది. చలిలో విద్యుద్విశ్లేష్యం చిక్కబడి అయాన్ల నడక మందగిస్తుంది. అందువలన ఛార్జ్ తొందరగా అయిపోయినట్లు కనిపిస్తుంది. అది తాత్కాలికం. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే మాత్రం అయాన్లు గ్రాఫైట్ పొరలలోకి త్వరగా దూరలేక పైనే లోహంగా పేరుకుంటాయి. మోలీ సంస్థను ముంచిన భూతం మళ్ళీ తల ఎత్తుతుంది. రాత్రంతా కారులో మరచిపోయిన ల్యాప్‌టాప్‌ను ఇంట్లోకి తెచ్చి వెంటనే తెరవకండి. సంచిలోనే మూసి ఉంచి, గది వేడికి వచ్చిన తరువాత బయటకు తీయండి. లేకపోతే కళ్ళజోడు మీద ఆవిరి కమ్మినట్లే మదర్‌బోర్డు మీద కూడా కమ్ముతుంది.

ఇండియాకు తీసుకుని వెళ్ళేవారికి విమాన నిబంధనలు ముఖ్యం. వీటిని రూపొందించే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కార్యస్థానం మన మాంట్రియల్‌లోనే ఉంది. ప్రయాణికుల విమానాలలో లిథియం అయాన్ బ్యాటరీలను విడి సరుకుగా పంపడాన్ని అది 2016 ఏప్రిల్ 1 నుండి నిషేధించింది. ప్రయాణికులకు సంబంధించినంతవరకు విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, సామానులో వేయరాదు. ఒక్కొక్కటి 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే అసలు కుదరదు. ఉబ్బిన, దెబ్బతిన్న బ్యాటరీలను విమానంలోకి తేరాదు. “అక్కడ బాగుచేయించవచ్చులే” అని ఉబ్బిన యంత్రాన్ని పెట్టెలో సర్దడం మూడువందలమంది ప్రాణాలతో ఆడుకోవడమే.

ఇక చట్టం. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు కొన్నవారికి ఉండాలన్న వాదానికి ఇటీవల బలం చేకూరింది. క్విబెక్ రాష్ట్రం 2023లో, కావాలని త్వరగా పాడయ్యేటట్లు వస్తువులను తయారుచేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 2024 నవంబరులో కెనడా పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించి, మరమ్మతు కోసం డిజిటల్ తాళాలను దాటడం నేరం కాకుండా చేసింది. ఐరోపా సమాజం నియమాల ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుండి అక్కడ అమ్మే చాలా పరికరాలలోని బ్యాటరీలు కొన్నవారే తీసి మార్చుకోగలిగేటట్లు ఉండాలి. పోయిన స్వేచ్ఛలలో కొన్ని తిరిగి రావచ్చునని ఆశపడవచ్చు.

తెనాలి కథ ముగింపు

ఆ ఉదయం నాన్నగారు నేను చెప్పినట్లే చేశారు. ఛార్జరు తీసి, యంత్రాన్ని ఆపి, పెరటిలో బావి గట్టు పక్కన నీడపట్టున సిమెంటు పలక మీద పెట్టించారు. ఎదురింటి కుర్రవాడిని నొప్పించకుండా కాఫీ ఇచ్చి పంపారు. మరునాడు విజయవాడ నుండి వచ్చిన మరమ్మతుదారు, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని బ్యాటరీని తీశాడు. ఆరు మిల్లీమీటర్ల పొట్లం దాదాపు రెండు సెంటీమీటర్లకు పొంగి ఉన్నది. బ్యాటరీ లేకుండా కేవలం ఛార్జరు మీదనే యంత్రం పనిచేసింది. అతడిని నేను అడిగిన మొదటి కోరిక, అందులోని ఫోటోలు, వీడియోలు అన్నింటికీ మరొక ప్రతి తీయమని.

కారణం ఉన్నది. మా అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. ఆమె గొంతు వినిపించే వీడియోలు ఆ యంత్రంలో తప్ప మరెక్కడా లేవు. వేగం పెంచాలని కొత్త ఎస్.ఎస్.డి. బిగించి, అన్నీ అందులోకి చేర్చి, పాతదానిని చెరిపివేసినది నేనే. మరొక ప్రతి తీయాలన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు. సూది గుచ్చి ఉంటే ఆమె మాట కూడా పొగలో కలిసిపోయేది. అంతకన్నా పెద్ద నష్టాన్ని గురించి తలచడానికే మనసు ఒప్పుకోదు.

కొత్త బ్యాటరీ వేసిన తరువాత 80 శాతం హద్దు అమర్చాం. బల్లను కిటికీ పక్కనుండి జరిపించాం. ఇప్పుడు ప్రతి ఆదివారం మాట మొదలుపెట్టే ముందు నాన్నగారు తెర మూలన చూసి, “ఎనభై దగ్గర ఆగిందమ్మా” అని చెబుతారు. తరువాతనే కుశల ప్రశ్నలు.

పాఠకులకు ఒక మనవి. ఈ పత్రిక మూసిన తరువాత ఇంట్లోని ల్యాప్‌టాప్‌ను ఒకసారి బల్లమీద ఉంచి నాలుగు మూలలు తాకి చూడండి. ఆ తరువాత, మీరు ఊరికి పంపిన పాత యంత్రం ఎవరి ఇంట్లో ఉన్నదో వారికి ఫోను చేసి, అది బల్లమీద సరిగ్గా కూర్చుంటున్నదా అని అడగండి.